మమ్మల్ని మా బడిలోనే పెట్టారు

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం సాయంత్రం కోనసీమలో ఒక శాఖా గ్రంథాలయంలో ఒక హైస్కూలు తెలుగు మేష్టారు మాట్లాడిన మాటలు. వినడానికి వచ్చినవాళ్ళలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పిల్లలు ఉన్నారు. ఫోన్‌లో రికార్డు చేసింది విని రాశాం. మధ్యలో కరెంటు పోయినప్పటి నాలుగు మాటలు దొరకలేదు.)

అందరికీ నమస్కారం అండి. శాలువా అయిపోయింది, ఫొటో అయిపోయింది, ఇక పనిలోకి దిగిపోదాం. ముందు ఒక కాగితం చదువుతాను. తొమ్మిదో తరగతి పిల్ల రాసింది. ‘నా జీవితంలో మరచిపోలేని రోజు’ అని అంశం నేనే ఇచ్చాను. ఆ పిల్లని అడిగే తెచ్చాను లెండి, ‘చదవండి మేష్టారూ, నా పేరు మాత్రం చెప్పకండి’ అంది. కాబట్టి పేరు చెప్పను, ఊరూ చెప్పను, ఏటిగట్టుకి అవతల, ఏటి మధ్యన ఉండే ఒక లంక అనుకోండి.

‘‘గోదావరి నది మహారాష్ట్రలోని నాసిక్ వద్ద త్రయంబకేశ్వరంలో జన్మించి 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దీనిని దక్షిణ గంగ అని కూడా అంటారు. 2022 జూలైలో గోదావరికి భారీ వరదలు సంభవించాయి. ధవళేశ్వరం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. మా గ్రామంలోకి వరద నీరు ప్రవేశించింది. నేను మిక్కిలి భయభ్రాంతులకు గురి అయితిని. మా తల్లిగారు సామానులు సర్దమని చెప్పారు. మమ్మల్ని పడవలో తీసుకొని వెళ్ళి మా బడిలోనే పెట్టారు. ప్రభుత్వం వారు భోజన సదుపాయములు కల్పించారు. ఐదు రోజుల తరువాత ఇంటికి తిరిగి వచ్చితిమి. కష్టకాలంలో ధైర్యం కోల్పోరాదని ఈ సంఘటన ద్వారా నేను నేర్చుకున్నాను.’’

అంతేనండి. ముందు వరసలో మేష్టార్లు ఉన్నారు కదా, పదికి ఎన్నేస్తారు? (సభలోంచి: ఎనిమిది.) ఆయ్, నేనూ ఎనిమిదే వేశాను. దస్తూరీ ముత్యాల్లా ఉంది, ఒక దీర్ఘం తప్ప తప్పుల్లేవు, మొదలుంది, ముగింపుంది, నీతి కూడా ఉంది. ఎర్ర పెన్నుతో ఆ దీర్ఘం దిద్ది, కింద ‘బాగుంది, ఇంకా వివరంగా రాయాలి’ అని రాసి, సంతకం గిలికి, కట్టలో పెట్టేశాను. నలభై కాగితాల్లో అదొకటి.

రాత్రి అన్నం తింటుంటే ఒక వాక్యం గుర్తొచ్చింది. ‘మా బడిలోనే పెట్టారు.’ ఆ బడి మా బడేనండి. ఆ వరదలో మా బడిలో పునరావాస కేంద్రం పెట్టినప్పుడు హెడ్మాస్టరు గారు రమ్మంటే నేనూ వెళ్ళాను, వీఆర్వో గారి పక్కన కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాశాను. కుటుంబ పెద్ద పేరు, ఎంతమంది, ఏ గది. అప్పటికి ఈ పిల్ల ఆరో తరగతిలో కొత్తగా చేరింది, ఆ ఏడు జూలై 5న బడి తెరిచారు, వారం తిరిగేసరికి వరద. నాకు మొహాలు ఇంకా పట్టుబడలేదు. నా పుస్తకంలో ఆ పిల్ల ఎక్కడుందంటే, వాళ్ళ నాన్న పేరు పక్కన ‘5’ అని వేసిన అంకెలో ఉంది. మూడేళ్ళు నా ఎదురుగా కూర్చుంది, నాకు తెలియదు. తను చెప్పిన ఆ ఒక్క వాక్యాన్నీ దీర్ఘాలు చూసుకుంటూ దాటేశాను.

ఇంకోటి కూడా గమనించండి. ఆ కాగితం మొత్తంలో ఆ పిల్ల ఎక్కడా ఆగలేదు, కానీ ఈ వాక్యం దగ్గర మరీ పరిగెత్తింది. నాసిక్‌కి అంత చోటిచ్చింది, తన బడికి అర వాక్యం ఇచ్చింది. పిల్లలు ఎక్కడ పరిగెత్తుతారో అక్కడే ఏదో ఉంటుంది. అన్నిసార్లూ కాదు, ఒక్కోసారి బెల్లు కొట్టేస్తారని కూడా పరిగెత్తుతారు. (నవ్వులు.)

‘దిద్దడం’ అనే మాట గురించి ఓ నిమిషం చెప్తాను. మనం ఆ మాటని రెండు పనులకి వాడతాం. చంటిపిల్లకి పలక మీద ‘అ’ రాసిచ్చి దిద్దమంటాం, అంటే మన గీత మీద తన బలపం తిప్పాలి, అప్పుడు దిద్దేది పిల్ల. పరీక్ష పేపరు దిద్దేది మాత్రం మనం, పిల్ల గీత మీద మన పెన్ను తిప్పుతాం. స్వీయ అనుభవం రాయించేటప్పుడు ఈ రెండూ కలిసిపోతాయి. దిద్దుతున్నామనుకుంటూ మనం ఓ కొత్త ‘అ’ రాసిచ్చేసి, దాని మీద పిల్లచేత మళ్ళీ దిద్దిస్తాం. పిల్లలూ, హంసపాదు అంటే తెలుసా మీకు? రాసేటప్పుడు మాట మర్చిపోతే రెండు మాటల మధ్య కింద చిన్న గుర్తు పెట్టి పైన ఆ మాట రాస్తాం చూడండి, అది. హంస కాలి ముద్రలా ఉంటుందని ఆ పేరు. మా చిన్నప్పుడు మా మేష్టారు ఎర్ర సిరాతో పెట్టేవారు, ఇప్పుడు నేనూ పెడతాను. ఆ గుర్తు ఎవరి చేతిలో ఉండాలన్నదే ఇవాళ నా గొడవంతా.

నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట, ఇంకో ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు, ఒక కుర్రాడు వాళ్ళ తాత మీద రాశాడు. తాత కొబ్బరి దింపు తీసేవాడు, డెబ్భై ఏళ్ళొచ్చినా చెట్టెక్కేవాడు, ఒకరోజు ఎక్కలేక సగంలోంచి దిగిపోయాడు. పిల్లాడు రాసింది పదకొండు లైన్లు. నాకు తెగ నచ్చేసింది, పోటీకి పంపుదామని ఇంటికి తీసుకెళ్ళి రాత్రి కూర్చుని ‘బాగు చేశాను’. పదకొండు లైన్లు రెండున్నర పేజీలయింది. సూర్యాస్తమయం వచ్చింది. తాత కళ్ళలో ‘నిర్వేదం’ వచ్చింది. ప్రైజు కూడా వచ్చింది. స్టేజీ మీద చదవమన్నారు, వాడు బాగానే చదువుకొచ్చి ఆ మాట దగ్గర ఆగిపోయి, మైకు ముందే నా వైపు తిరిగి, ‘మేష్టారూ, ఇదేంటండి?’ అన్నాడు. హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను, అది ఇంకా సిగ్గుచేటు. కిందకి దిగాక సర్టిఫికెట్టు నాకిచ్చేసి ‘మీ దగ్గరే ఉంచండి, మీరే కదండీ రాశారు’ అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగా, పెన్ను తిరిగిచ్చేసినట్టు అన్నాడు. తర్వాత వాడు నాకెప్పుడూ సొంత సంగతి రాసివ్వలేదు. ఏ అంశమిచ్చినా గైడులోది తెచ్చి రాసేవాడు. ఇప్పుడు గైడు కూడా అక్కర్లేదు, ఫోన్‌ని అడిగితే చాలు రాసిచ్చేస్తోంది. అందులోనూ నిర్వేదం ఉంటోంది.

వాడి పదకొండు లైన్లలో ఒక లైను నాకిప్పటికీ నోటికొచ్చు. ‘దిగి వచ్చి తాత కత్తి నాకు ఇచ్చాడు, ఎప్పుడూ ఇవ్వడు.’ దాన్ని కొట్టేసిన మహానుభావుణ్ణి నేనే.

అందుకని ఈసారి పెన్ను జేబులో పెట్టుకునే వెళ్ళాను. మర్నాడు డ్రిల్లు పీరియడ్‌లో ఆ పిల్లని పిలిచి, కాగితం తన చేతికే ఇచ్చి, మొదటి నాలుగు లైన్లూ వెనక్కి మడత పెట్టమన్నాను. కొట్టెయ్యమనలేదండి. కొట్టేస్తే పిల్లలకి ప్రాణం ఉసూరుమంటుంది, అది కష్టపడి కంఠతా పట్టిన నాసిక్ మరి. మడత పెట్టి మిగతాది పైకి చదవమన్నాను. ‘మా గ్రామంలోకి వరద నీరు ప్రవేశించింది’ దగ్గర మొదలయింది. ‘ఏమైనా తగ్గినట్టుందా?’ అన్నాను. ఆలోచించి ‘లేదండి’ అంది. ‘మరి మడత విప్పాలా?’ ‘వద్దులెండి.’ మొదటి పేరా సంగతి అక్కడికి తేలిపోయింది, నా చేత్తో ఒక్క గీతా పడలేదు. మీరూ చేసి చూడండి, చాలాసార్లు పిల్లల కథ రెండో పేరాలోనే మొదలవుతుంది, మొదటిది గొంతు సవరించుకోవడం. ఇందాక వేదిక మీద కొందరు పెద్దలూ... సరే, వద్దులెండి. (నవ్వులు.)

తర్వాత అడగడం మొదలెట్టాను. ‘ఇంకా వివరంగా రాయి’ అని మనం రాస్తాం చూడండి, దానంత పనికిమాలిన సలహా లేదు. అలా రాస్తే పిల్ల ఏం చేస్తుంది? ‘భారీ వరద’ కాస్తా ‘అతి భారీ వరద’ అవుతుంది. అలా కాకుండా ఒక్క మాటతో జవాబు చెప్పగలిగేవి అడగాలి. ఏ గది? ఎవరన్నారు? చేతిలో ఏముంది?

‘నీళ్ళు ఇంట్లోకి ఎంతవరకు వచ్చాయమ్మా?’

‘అరుగు రెండో మెట్టు దాటాయండి. గోడ మీద గీత దాకా రాలేదండి.’

‘ఏం గీత?’

‘ఎనభై ఆరు వరదకి మా తాతయ్య మేకుతో గీశాడంటండి. దానికింకా రెండు మూరలు కిందే ఉంది, ఏం పర్లేదు అందండి నాయనమ్మ.’

చూశారా అండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మనందరికీ కంఠతా. 1986 ఆగస్టులో బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది, ఇవి పేపర్లో ఉంటాయి. ఆ పది లక్షల తేడా ఆ ఇంటి గోడ మీద రెండు మూరలు. ఆ గీత ఏ పేపర్లోనూ రాదు, ఈ పిల్ల రాస్తేనే వస్తుంది. అది వదిలేసి ‘మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేశారు’ అని రాసింది, ఎందుకంటే రాయదగిన సంగతి అదేనని మనం ఎలాగో చెప్పేశాం దానికి. టీవీలో వచ్చింది గొప్ప, ఇంటి గోడ మీదది ఏముందిలే అని.

‘అమ్మని ఇంట్లో ఏమని పిలుస్తావు?’

‘అమ్మా అనేనండి.’

‘మరి ఈ తల్లిగారు ఎవరు?’

నవ్వేసింది. ‘ఆవిడ సామాన్లు సర్దమనే అందా?’ అంటే, ‘కాదండి, ఆ పుస్తకాలు అటక మీద పడేసి ముందు చంటోడి గుడ్డలు తియ్యవే అని అరిచిందండి’ అంది. ఆ మాట అన్నప్పుడు దాని గొంతు వాళ్ళమ్మ గొంతులా మారిపోయింది. తెలుగులో మనకి ‘అని’ ఉంది కదండీ, ఎంత పెద్ద మాటనైనా ఉన్నదున్నట్టు ఎత్తి వాక్యం మధ్యలో కూర్చోబెట్టి ‘అని’ తగిలిస్తే సరిపోతుంది. ‘సర్దమని చెప్పారు’ అని చప్పగా అప్పజెప్పడం దేనికి?

‘మిక్కిలి భయం వేసిందా?’

ఇక్కడ నేను అనుకున్నది ఒకటి, వచ్చింది ఒకటి. ‘వెయ్యలేదండి’ అంది. నిజం చెప్పొచ్చో లేదో అని నా మొహం వైపు చూసి, ‘సరదాగా ఉందండి’ అంది. లంక పిల్ల కదండీ, రోజూ రేవు దాటి బడికి రావలసిందే, పడవ కొత్తేం కాదు. కానీ ఆ రోజు పడవే వాళ్ళ వీధిలోకి వచ్చిందిట. అరటితోట మధ్యలోంచి వెళ్తుంటే గెలలు నీళ్ళకి తగులుతున్నాయిట. వరద అంటే భయపడాలి కాబట్టి భయపడినట్టు రాసింది. భాషా తప్పులకి మనం సగం మార్కు కోస్తాం, ఇలాంటి అబద్ధానికి మాత్రం మార్కులేస్తాం.

‘ఏ గదిలో పెట్టారు?’

‘సిక్స్త్ బి అండి.’

‘నీ క్లాసే కదా?’

‘అవునండి.’ గొంతు తగ్గింది.

‘గదిలో ఏమున్నాయి?’

‘బోర్డు మీద తారీకు ఉందండి, పదమూడో తారీకు. మొత్తం 42, హాజరు 37 అని ఉందండి. ఐదు రోజులూ అదే ఉందండి, ఎవరూ తుడపలేదండి.’

‘ఎక్కడ పడుకున్నావు?’

‘రెండు బల్లలు కలిపి అండి.’

‘ఎవరి బల్లలు?’

‘నాదండి. ఇంకోటి పక్కదండి.’ అక్కడ ఆగిపోయింది. చున్నీ చివర వేలికి చుట్టుకుంటోంది. నేను ఇంకో ప్రశ్న వెయ్యబోయి మానేశాను, అది నా జీవితంలో చేసిన మంచి పనుల్లో ఒకటి అనుకుంటాను. ‘సరే, వెళ్ళి రాయి, ఎంతవరకు రాయాలనిపిస్తే అంతే రాయి’ అన్నాను.

ఇక్కడ మేష్టార్లతో, టీచర్లతో ఒక మాట. ప్రశ్నలు అడగమన్నాను కదా అని పిల్లల గాయాలు తవ్వకండి. ఏడుపుకి మార్కులొస్తాయని వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది, ఆ తర్వాత ప్రతి కాగితంలోనూ ఒక తాతయ్య చనిపోతాడు. మా క్లాసులో ఒకసారి తొమ్మిది మంది తాతయ్యలు పోయారండి ఒక్క వారంలో, అందులో ఇద్దరు మర్నాడు పేరెంట్స్ మీటింగుకి వచ్చారు. (నవ్వులు.) స్వీయ అనుభవం అంటే కష్టమే కానక్కర్లేదు. ఒక పిల్లాడు ‘పుస్తెలమ్మైనా పులస తినాలి అని సామెత’ అని మొదలెట్టి పులస చేప గొప్పతనం రాసుకొచ్చాడు. ‘మీ ఇంట్లో ఎవరమ్మారు?’ అన్నాను. ‘ఎవరూ అమ్మలేదండి, నాన్న కొనుక్కొచ్చేశాడండి, అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదండి, కూర మాత్రం వండిందండి’ అన్నాడు. ఇంకేం కావాలి? ఆ రెండ్రోజుల్లో ఇంట్లో ఎవరెవరికి ఎవరి ద్వారా కబుర్లు వెళ్ళాయో రాయమన్నాను. ‘పప్పు గిన్నె ఇటివ్వమని మీ నాన్నకి చెప్పు’ రకం, మీకు తెలిసిందే. స్టాఫ్‌రూమంతా చదివి నవ్వుకున్నాం.

పెద్ద పిల్లల తల్లిదండ్రులు కూడా ఉన్నారు ఇక్కడ. మొన్న మా వీధిలో కుర్రాడొకడు అమెరికా యూనివర్సిటీకి ఎస్ఓపీ, అదే, నేనెందుకు చదవాలనుకుంటున్నానో అని సీటు కోసం రాసే వ్యాసం, రాసుకుని చూడమని తెచ్చాడు. ఇంగ్లీషు కదా నాకెందుకురా అంటే ‘కొంచెం చూడండి బాబాయ్, మీకు అలవాటు కదా’ అన్నాడు. మొదటి వాక్యం, చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఎంతో ఆసక్తి అని. ‘ఒరే, చిన్నప్పటి నుంచి నీకు క్రికెట్టంటే ఆసక్తి, మా కిటికీ అద్దం సాక్షి’ అన్నాను. నిజంగా ఎప్పుడు మొదలైందిరా అని అడిగితే అప్పుడు చెప్పాడు. వాళ్ళకి రొయ్యల చెరువు ఉంది. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, గంట ఆలస్యమైతే రొయ్య పైకి తేలిపోతుంది, ఆ పంట పోయినట్టే. ఇంటర్ చదివేటప్పుడు వాళ్ళ నాన్న చెరువు గట్టు మీద పాకలో పడుకుని నిద్ర పట్టేస్తుందేమోనని భయపడుతుంటే, వీడు పాత ఫోన్ ఒకటి పట్టుకుని, కరెంటు పోతే చార్జింగు ఆగుతుంది కదా, ఆగిన వెంటనే గట్టిగా మోగేలా చేశాడట. అదిరా రాయవలసింది అన్నాను. ‘అది కూడా రాస్తారా బాబాయ్, రొయ్యల కంపు’ అన్నాడు. ఏం చేశాడో మరి, రాశాననే అన్నాడు, వీసా రాగానే కనబడతాడు లెండి.

భాష సంగతి కాస్త చెప్పాలి, ఇవాళ గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు కాబట్టి. ఆయన 1863లో పుట్టారు, పిల్లలకి బడిలో బతికున్న తెలుగు నేర్పండి మహాప్రభో అని పోట్లాడి నూరేళ్ళు దాటింది, ఇవాళ్టికీ మన పిల్ల ‘గురి అయితిని, వచ్చితిమి’ అని రాస్తోంది. సరదా ఏంటంటే చివర్లో ‘నేర్చుకున్నాను’ అని మామూలు తెలుగులోకి దిగిపోయింది, అప్పటికి అలిసిపోయినట్టుంది. మరి ఎల్తన్నాం, ఒచ్చేత్తన్నాం అని రాయనివ్వాలా అని అడుగుతారు. నా పద్ధతి చెప్తాను, మీకు నచ్చకపోవచ్చు. మనుషులు మాట్లాడే చోట వాళ్ళు అన్నది అన్నట్టే ఉండాలి, నాయనమ్మ చేత గ్రాంథికం మాట్లాడించకూడదు. కథ చెప్పే చోట పిల్లకి ఏది సులువుగా వస్తే అది, పరీక్షలో మాత్రం ఇలా రాయమ్మా అని విడిగా చెప్తాను. ఇంకోటి, ‘నేను’. తెలుగులో ‘వెళ్ళాను’ అంటేనే నేను అని తెలిసిపోతుంది కదా, ఆ ‘ను’ ఉన్నది అందుకే. పిల్లలు ప్రతి వాక్యం ముందూ నేను, నేను అని పెడతారు. ఇది నేను దిద్దను. కాగితంలో ‘నేను’ ఎన్నిసార్లుందో లెక్కపెట్టి అంకె పక్కన వెయ్యమంటాను, అంతే, పద్నాలుగు అని వాళ్ళే వేసుకుని వాళ్ళే సిగ్గుపడి సగం తీసేస్తారు.

రాయడం రాని పిల్లలతో ఫోన్ రికార్డరు వాడతాను. చెప్పమంటే లొడలొడా చెప్పేస్తారు, కాగితం ఇస్తే బిగుసుకుపోతారు. చెప్పింది వినిపించి, అదే రాయరా అంటే సగం పని అయిపోతుంది.

ఇంత టైం ఎక్కడుందండీ, ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్ఏ పరీక్షల పేపర్లు దిద్దడానికే చాలట్లేదు అంటారు, నిజమే. నలభై మందినీ కూర్చోబెట్టి అడగడం నా వల్ల కూడా కాదు. ఏడాదికి ఒక్కొక్కరి చేత ఒక్కటి తిరగరాయిస్తాను, మిగతావన్నీ మామూలుగానే టిక్కులు కొట్టేస్తాను. ప్రశ్నలు కూడా ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళనే ఒకరినొకరు అడుక్కోమంటాను, తలా మూడు. నాకు చెప్పనివి పక్కవాళ్ళకి చెప్తారు. కొంతమంది ఏం చేసినా నోరు విప్పరు, వాళ్ళని వదిలేస్తాను.

సరే, మన పిల్ల దగ్గరికొద్దాం. నాలుగు రోజులకి తెచ్చింది. కొంచెం చదువుతాను.

‘‘రోజూ మేము పడవ దగ్గరికి వెళ్తాం. ఆ రోజు పడవే మా వీధిలోకి వచ్చింది.’’ ఇలా మొదలవుతుందండి. నాసిక్ లేదు. గీత, నాయనమ్మ, అటక, చంటోడి గుడ్డలు అన్నీ ఉన్నాయి, అవి దాటేస్తాను.

‘‘అరటిగెలలు నీళ్ళకి తగులుతున్నాయి. చెయ్యి పెట్టి ఒకటి ముట్టుకున్నాను. నాకు భయం వెయ్యలేదు. బడి దగ్గర దిగాకే బాగోలేదు. మమ్మల్ని మా బడిలోనే పెట్టారు. సిక్స్త్ బి. ఆ గదిలో నేను వారం రోజులే కూర్చున్నాను. బోర్డు మీద హాజరు 37 అని ఉంది. గదిలో మేము 31 మందిమి. రాత్రి నేనూ తమ్ముడూ నా బల్లా, పక్క బల్లా కలిపి పడుకున్నాం. మూడో రోజు, బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళ నాన్నతో వచ్చింది. వాళ్ళు పులిహోర పొట్లాలు పంచుతున్నారు. తువ్వాలు మొహం మీదకి లాక్కుని పడుకున్నాను. తను దగ్గరికి వచ్చి ‘నాన్నా, ఇది మా బల్లే’ అంది. అమ్మ పొట్లాలు తీసుకుంది. నేను తినలేదు. మళ్ళీ బడి తెరిచిన రోజు అందరికన్నా ముందు వెళ్ళి తడిగుడ్డతో బల్ల తుడిచాను. తను వచ్చి కూర్చుంది. మేష్టారు హాజరు పిలిచారు.’’

అక్కడితో ఆపేసింది. ‘నీతి ఏదమ్మా?’ అన్నాను, అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. ‘రాయాలా అండి?’ అంది. వద్దులే అన్నాను. ఆ హాజరు పిలిచిన మేష్టార్ని నేనే.

ఆ కాగితంలో నేను వేలు పెట్టింది ఎక్కడా లేదు. నిజానికి ఒకచోట పెట్టాలనిపించింది, ‘నేను తినలేదు’ తర్వాత ఎందుకు తినలేదో ఒక వాక్యం ఉంటే బాగుండునని. పెన్ను తీశాను కూడా. ఆ దింపు తీసే తాత కత్తి గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.

కాగితం వెనక్కిస్తుంటే ఆ పిల్ల, ‘మేష్టారూ, ఇది తనకి చూపించాలండి’ అంది. ఆ రెండో అమ్మాయి ఇప్పుడూ అదే క్లాసు, అదే బల్ల. మూడేళ్ళుగా పక్కపక్కనే కూర్చుంటున్నారు, ఆ రోజు గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదట. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ అమ్మాయి ఏమనుకుంటుందో, వాళ్ళ నాన్న ఏమనుకుంటాడో, సాయం చేసినవాళ్ళని ఇలా రాస్తారా అని బడి మీదకి వస్తారేమో, రకరకాలు. చూపించవద్దని ఎలా చెప్పను? నీ ఇష్టం అన్నాను.

రెండు రోజులు ఏ కబురూ లేదు. మూడో రోజు ప్రేయర్ అయ్యాక వరసలోంచి వచ్చి కాగితం చేతిలో పెట్టింది.

‘చదివిందా?’ అన్నాను.

‘చదివిందండి.’

‘ఏమంది?’

‘మా అమ్మ తెల్లారగట్ల నాలుగింటికి లేచి కాగు నిండా సాంబారన్నం వండితే పులిహోర అంటావేంటే అందండి.’

‘ఇంకేమీ అనలేదా?’

‘ఎర్రగళ్ళ తువ్వాలు కదా అందండి.’

కాగితం విప్పి చూశాను. నీలం సిరాతో రాసినదాంట్లో ఆకుపచ్చ పెన్నుతో, వేరే దస్తూరీలో, పులిహోర కొట్టేసి పైన సాంబారన్నం అని ఉంది. రెండు లైన్ల కింద, ‘తువ్వాలు మొహం మీదకి లాక్కుని’ అన్న చోట, తువ్వాలుకి ముందు చిన్న హంసపాదు పెట్టి పైన ‘ఎర్రగళ్ళ’ అని రాసి ఉంది.